శ్రీనివాస రామానుజన్ గారి జీవితము

విద్యార్థివేతనముల నిచ్చు దాతలును, ఆ వేతనములను గోరు బాలుర తలిదండ్రులును ఒక్కచోట గూడుకొను సందర్భము వార్షిక మహాసభ. ఇట్టి సభలయందు ఏటేట వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. కళాశాలలో జేరిన మొదటి యేడే పరీక్ష తప్పిన బాలునకు మరల సహాయము చేయవచ్చునా? లేక ఆ ధనమును ఉత్తీర్ణుడైన వేరొకని కిచ్చుటయే న్యాయమా? ఇరుపక్షముల వాదములును సబబైనవే. నిధి స్వల్పము, అర్థులు పెక్కురు. కావున మేము వాదమునకు బూనక, ఒక్క మహనీయుని చరిత్రమును పాఠకుల ముందుంచ దలచితిమి.

ఆయన శ్రీనివాస రామానుజన్. మన సంఘమునకు జెందినవాడు కాడు. ఆంధ్రుడును కాడు. అయినను విద్యావంతుని కీర్తి ఒక్క కులమునకో ఒక్క భాషకో చెందునది కాదు. అదియు గాక ఆయన జీవితకథ రెండుమారులు తెలుగునేలను దాకినది. ఒకమారు విశాఖపట్టణమున, అవమానభారముతో. మరియొకమారు నెల్లూరి కలెక్టరు దయారూపమున, ఆశతో.

జననము, బాల్యము

తమిళదేశమున ఈరోడు పట్టణమందు, మాతామహుల యింట, 1887 డిసెంబరు 22 వ తేదీన రామానుజన్ జన్మించెను. పెరిగినది కావేరీతీరమందలి కుంభకోణమున. తండ్రి శ్రీనివాసయ్యంగారు ఆ యూర నొక బట్టల వర్తకుని యంగడిలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనగీతములు పాడి నెలకు కొలది రూపాయలు సంపాదించుచుండెను. అదియు జాలక, చదువుకొనవచ్చిన పిల్లలకు ఇంట భోజనవసతి కల్పించి సంసారమును గడుపుచుండిరి. సారంగపాణిస్వామి సన్నిధివీథిలోని ఆ చిన్న యిల్లే ఆ బాలుని లోకము.

1897 లో జరిగిన ప్రాథమిక పరీక్షలో రామానుజన్ తంజావూరు జిల్లా కంతటికిని ప్రథముడుగా నిలిచెను. మరుసటి యేడు టౌన్ హైస్కూలులో జేరెను. పదుమూడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి లోనీ పండితుని త్రికోణమితి గ్రంథమును ఒరుల సాయము లేకయే సాధించెను. 1903 లో మిత్రుని మూలమున కార్ అను నాంగ్లేయుడు కూర్చిన గణితసంగ్రహ మొకటి ఆయన చేతికి వచ్చెను. కేంబ్రిడ్జి పరీక్షలకు బోవు విద్యార్థుల కొరకు వ్రాయబడిన గ్రంథమది. అందు సుమారు ఐదువేల సిద్ధాంతములు వరుసగా పేర్కొనబడినవి. ఉపపత్తులు మాత్రము సూచనప్రాయముగా నున్నవి, పెక్కింటికి లేనే లేవు. రామానుజన్ ఒక్కొక్క సిద్ధాంతమును తానే నిరూపించుకొనుచు ముందునకు సాగెను. మార్గదర్శి యెవడును లేకపోవుటచే ప్రతి నిరూపణమును ఆయనకు ఒక నూతనాన్వేషణ మయ్యెను.

ఆ పుస్తకము ఆయనను గణితజ్ఞుని జేసినది. అదియే ఆయనలోని విద్యార్థిని జెరచినది. అది మొదలు రామానుజన్ మనస్సు మరియే విషయముమీదను నిలువలేదు.

కళాశాలలో పరాభవము

1904 లో హైస్కూలు చదువు ముగిసెను. గణితమునందు రంగనాథరావు బహుమానము లభించెను. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతికి విద్యార్థివేతనముతో ప్రవేశము దొరకెను. పేదగుమాస్తా కుమారునకు ఇంతకంటె శుభారంభ మేమి కావలెను?

అయితే ఎఫ్.ఏ. తరగతిలో గణితము ఐదింటిలో నొకటి మాత్రమే. ఆంగ్లము, సంస్కృతము, శరీరశాస్త్రము, గ్రీకు రోమను చరిత్రలు కూడ చదువవలెను. రామానుజన్ తరగతిలో కూర్చుండియు వినలేదు. ఉపాధ్యాయుడు రోమక చక్రవర్తులను గూర్చి చెప్పుచుండగా ఆయన పుస్తకమున అనంతశ్రేణులు వ్రాసికొనుచుండెను. 1905 ఆరంభమున ఆంగ్లవ్యాసరచనలో తప్పుటచే వేతనము రద్దయ్యెను. వేతనము పోయిన పిమ్మట జీతము కట్టుటకు తండ్రికి శక్తి లేదు.

ఇందు కళాశాలవారి దోషమేమియు లేదనియే చెప్పవలెను. అన్ని విషయములందును ఉత్తీర్ణుడు కావలెనని నియమము. నియమమున కొక్క బాలుని ముఖము తెలియదు. బాలుడును తన విధిని ఉపేక్షించినవాడే. ఎవరును దుర్బుద్ధితో వర్తింపలేదు. అయినను ఫలితము దారుణమైనది.

ఆ యవమానము సహింపలేక 1905 ఆగష్టు మాసమున రామానుజన్ ఎవరికిని జెప్పక యిల్లు విడిచి విశాఖపట్టణమునకు బోయెను. అప్పటికాయనకు పదునెనిమిదేండ్లు నిండలేదు. తలిదండ్రులు వెదకి వెదకి, తుదకు పత్రికలో ప్రకటన వేయించిరి. కొంతకాలమునకు తిరిగివచ్చి మరల కళాశాలలో జేరెను గాని, హాజరు చాలనందున ఆ యేటి ధ్రువపత్రము లభింపలేదు.

1906 లో చెన్నపట్టణము పచ్చయ్యప్ప కళాశాలలో జేరి రెండవమారు ప్రయత్నించెను. అచటి గణితోపాధ్యాయుడు సింగారవేలు మొదలియారు గారు ఆ బాలుని శక్తిని గ్రహించి, కఠినమైన లెక్కలను అతనితో గూడ చేయుచుండిరి. ఇంతలో వ్యాధి సోకి యింటికి మరలవలసివచ్చెను. ఆ డిసెంబరులో పరీక్షకు బోయి తప్పెను. 1907 డిసెంబరులో మరల బోయి మరల తప్పెను. గణితమున తిరుగు లేదు. శరీరశాస్త్రమున మాత్రము నూటికి పది మార్కులైనను రాలేదు. జంతువుల కోయుట ఆయనకు వెగటు. దానితో కళాశాలద్వారము ఆయనకు మూతబడెను. పట్టమన్న మాట యటుండ, ఎఫ్.ఏ. యైనను లేని యువకుడు ఆనాటి లోకమున ఎందుకును కొరగాని వాడు.

చీకటి దినములు

తరువాతి మూడేండ్లును దారిద్ర్యముతో గడచినవి. పిల్లలకు పాఠములు చెప్పి బ్రతుకుదమన్న తగిన శిష్యులు దొరకరైరి. దొరకినను ఆయన పాఠము పరీక్షాపాఠమును దాటి యెక్కడికో పోవుచుండెను. కాగితము కొనలేక పలకమీద లెక్కచేసి, మోచేతితో తుడిచి, ఫలితమును మాత్రము నోటుపుస్తకమున నెక్కించుకొనుచుండెను. ఉపపత్తులు లేని ఆ పుస్తకములే పిమ్మట లోకమున ప్రసిద్ధి కెక్కినవి.

1909 జూలైలో జానకి యను బాలికతో వివాహ మయ్యెను. 1910 ఆరంభమున శస్త్రచికిత్స అవసరము కాగా, ధనము లేనందున వైద్యుడొకరు ప్రతిఫలము గోరక చేసిరి. సంసారభారము మీద బడినది. ఉద్యోగము సంపాదింపక తప్పదు. నోటుపుస్తకములను చంకనిడుకొని రామానుజన్ కొలువు వెదకుకొన బయలుదేరెను. చూపుటకు యోగ్యతాపత్రములు లేవు. ఉన్నవి ఆ పుస్తకములే.

ఆశ్రయదాతలు

ఇక్కడినుండి ఈ చరిత్రము దాతల చరిత్రమగుచున్నది. సభ్యులు ఈ భాగమును శ్రద్ధతో చదువవలెనని మా ప్రార్థన.

1910 లో రామానుజన్ తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరు రామస్వామయ్యరు గారి దగ్గరకు బోయి చిన్న గుమాస్తా పని నడిగెను. ఆయన 1907 లో భారతీయ గణితసమాజమును స్థాపించిన పెద్దమనిషి. పుస్తకములను త్రిప్పిచూచి, ఇట్టివానిని తాలూకా కచ్చేరీలో పడవేయుట పాపమని తలచి, చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలోని శేషయ్యరు గారికి ఉత్తరమిచ్చి పంపిరి. శేషయ్యరుగారు కుంభకోణమున రామానుజన్‌కు గురువై యుండినవారు. వారు నెల్లూరి కలెక్టరు, దివాన్ బహదూర్ రామచంద్రరావు గారికి సిఫారసు చేసిరి.

రామచంద్రరావుగారు తొలిచూపునకే కరగిపోయినవారు కారు. మాసిన బట్టలు, క్షౌరము లేని ముఖము, చంకలో నలిగిన పుస్తకము. ఆ రూపమును జూచి సందేహించిరి. ఆ సిద్ధాంతములలో సత్యమున్నదో లేదో తేల్చుకొనలేక పంపివేసిరి. మిత్రులు చెప్పగా మరల రప్పించిరి. సులభమైనవానితో మొదలుపెట్టి, క్రమముగా కఠినమైనవానిని రామానుజన్ వివరింపగా, తమకు తెలిసిన గణితము ముగిసి తెలియనిది ఆరంభమైన చోటును కలెక్టరుగారు స్పష్టముగా జూచిరి. ఏమి కావలెనని యడిగిరి. పొట్ట గడచిన జాలును, లెక్కలు చేసికొందునని రామానుజన్ బదులుచెప్పెను. అంతట ఆయనను నెల్లూరివంటి మొఫసలు పట్టణమున నుంచుట తగదని, చెన్నపట్టణముననే యుండ నియమించి, నెలకు 25 రూపాయలు తమ సొంత ధనమునుండి పంపసాగిరి.

ఆ 25 రూపాయలకు ఏ పరీక్షయు షరతుగా లేదు. 1911 లో రామానుజన్ తొలి పరిశోధనవ్యాసము, బెర్నూలీ సంఖ్యలను గూర్చినది, గణితసమాజ పత్రికలో వెలువడెను.

అయితే ఆత్మగౌరవముగల యువకుడు ఒకరి ధర్మముమీద చిరకాల ముండ నొల్లడు. 1912 మార్చి 1 వ తేదీన చెన్నపట్టణము పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముమీద గుమాస్తాగా జేరెను. అచ్చట అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు, మేనేజరు నారాయణయ్యరు గారు. నారాయణయ్యరుగారు గణితము తెలిసినవారు. రాత్రులయందు ఇరువురును పలకలు ముందిడుకొని కూర్చుండెడివారు. కచ్చేరీవేళలలో గుమాస్తా పనికి నడుమ లెక్కలు చేసికొన్నను పైవా రుపేక్షించిరి. ఆ యుపేక్షయే ఒక దానము.

విశ్వవిద్యాలయ ప్రవేశము

మిత్రుల ప్రోత్సాహమున రామానుజన్ కేంబ్రిడ్జి పండితులకు ఉత్తరములు వ్రాసెను. ఇద్దరినుండి ఆదరణ లభింపలేదు. 1913 జనవరి 16 వ తేదీన ట్రినిటీ కళాశాలలోని హార్డీ పండితునకు వ్రాసెను. తాను పోర్టు ట్రస్టు గుమాస్తాననియు, విశ్వవిద్యాలయపు చదువు లేనివాడననియు దాచక చెప్పి, నూరునకు మించిన సిద్ధాంతములను జతపరచెను. హార్డీగారు తొలుత వంచన యని శంకించి, తన సహచరుడు లిటిల్‌వుడ్డుతో గూడ ఒక రాత్రి పరిశీలించి, ఇది గొప్ప గణితజ్ఞుని చేతివ్రాత యని తేల్చుకొనెను. ఫిబ్రవరిలో ప్రత్యుత్తరము వచ్చెను.

ఇంతలో చెన్నపట్టణముననే తలుపు తెరచుకొనసాగెను. వాతావరణశాస్త్రజ్ఞుడు గిల్బర్టు వాకరు ఆ ఫిబ్రవరిలో ఊరికి వచ్చి, నోటుపుస్తకములను జూచి, విశ్వవిద్యాలయమునకు వ్రాసెను. ఇంజనీరింగు కళాశాల గణితాచార్యులు హనుమంతరావు గారు పాఠ్యనిర్ణయసంఘమును సమావేశపరచిరి. రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధనవేతనము రెండేండ్లపాటు ఇయ్యవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను.

సిండికేటులో ఆక్షేపణ పుట్టెను. పరిశోధనవేతనము ఎం.ఏ. పట్టభద్రులకే యని నిబంధన. ఈయన ఎఫ్.ఏ. యైనను కాడు. ఆ పరీక్షలో రెండుమారులు తప్పినది ఈ విశ్వవిద్యాలయముననే కదా! అప్పుడు న్యాయమూర్తి సుందరమయ్యరు గారు, విశ్వవిద్యాలయమును స్థాపించిన శాసనముయొక్క పీఠికలో పరిశోధనను పెంపొందించుట ఆ సంస్థకు విధిగా జెప్పబడియున్నదని చూపిరి. నిబంధనకు పైది శాసనము. శాసనమునకు మూలము ఉద్దేశము. ఉద్దేశమును స్మరించుటతో నిబంధన దారి విడిచెను. 1913 మే 1 వ తేదీనుండి రామానుజన్ చెన్నపురి విశ్వవిద్యాలయపు పరిశోధకుడయ్యెను. మూడునెలల కొకమారు తన పనిని గూర్చి నివేదిక పంపుటయే ఆయనకు విధింపబడిన కర్తవ్యము.

కుంభకోణమున వేతనము పోయిన 1905 నకు, ఈ వేతనము వచ్చిన 1913 నకు నడుమ ఎనిమిదేండ్లు. ఆయన మొత్తము జీవితము ముప్పదిరెండేండ్లే. పాఠకు లీ లెక్కను మనస్సున నుంచుకొందురుగాక.

కేంబ్రిడ్జిలో

1914 ఆరంభమున కేంబ్రిడ్జినుండి నెవిల్ పండితుడు చెన్నపట్టణమునకు ఉపన్యాసము లీయవచ్చి, రామానుజన్‌ను సీమకు రమ్మని కోరెను. విశ్వవిద్యాలయమువారు సాలుకు 250 పౌనులును ప్రయాణవ్యయమును మంజూరు చేసిరి. ట్రినిటీ కళాశాల మరి 60 పౌనులు చేర్చెను. ఆచారపరురాలగు తల్లి తొలుత సమ్మతింపకున్నను పిదప అనుమతించెను. తన వేతనమునుండి నెలకు 60 రూపాయలు తలిదండ్రులకు జేరునట్లు ఏర్పాటుచేసి, 1914 మార్చి 17 వ తేదీన రామానుజన్ పొగయోడ నెక్కెను.

కేంబ్రిడ్జిలో హార్డీగారికి చిక్కుసమస్య యొకటి యెదురయ్యెను. శిష్యుడు కొన్ని విషయములందు గురువును మించినవాడు. మరికొన్ని విషయములు, ఇతరులు మొదటి యేడే నేర్చునవి, వినియైన నెరుగడు. అన్నియు క్రమముగా నేర్పబూనిన ఆయన సహజశక్తి కుంటుపడునేమో యని హార్డీ వెరచెను. కావున కొంత నేర్పి, కొంత విడిచి, తానును నేర్చుకొనెను. కుంభకోణమున లోపించినది ఈ వివేకమే.

1915 లో రామానుజన్ ప్రకటించిన దీర్ఘవ్యాసము అధికభాజకములు గల సంఖ్యలను గూర్చినది. ఉదాహరణమునకు 12 ను 1, 2, 3, 4, 6, 12 అను ఆరు సంఖ్యలు భాగించును. 12 కంటె చిన్నదగు ఏ సంఖ్యకును ఇన్ని భాజకములు లేవు. ఇట్టి సంఖ్యల స్వభావమును ఆయన శోధించెను. ఈ పనికై 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు బి.ఏ. పట్టము నొసగెను. ఎఫ్.ఏ. పరీక్ష రెండుమారులు తప్పినవాడు తరగతిపరీక్ష లేమియు లేకయే పట్టభద్రుడయ్యెను.

హార్డీతో గూడి చేసిన పనులలో సంఖ్యావిభజనమును గూర్చినది మిక్కిలి ప్రసిద్ధము. 4 అను సంఖ్యను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని ఐదు విధములుగా విభజింపవచ్చును. 200 ను ఎన్ని విధముల విభజింపవచ్చును? 39,72,99,90,29,388 విధముల. ఇట్టి సంఖ్యలను సమీపించు సూత్రమును వారు 1918 లో ప్రకటించిరి. మక్‌మహన్ పండితుడు చేతితో శ్రమించి కట్టిన లెక్కతో అది సరిపోయెను.

1918 లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ యక్టోబరులోనే ట్రినిటీ కళాశాల ఫెలో అయ్యెను. ఆ పదవి నందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు.

వ్యాధి, స్వదేశాగమనము

కీర్తి వచ్చునప్పటికి దేహము శిథిలమైనది. యుద్ధకాలము. శాకాహారము దుర్లభము. తానే వండుకొనుచు, వేళ తప్పి భుజించుచు, రేయింబవళ్లు పనిచేయుచు 1917 లో జబ్బుపడెను. ఒక చికిత్సాలయమునుండి మరియొక దానికి మార్చిరి. క్షయ యని ఆనాటి వైద్యుల తలంపు. కాలేయమునకు సోకిన అమీబావ్యాధి కావచ్చునని 1994 లో వైద్యపరిశోధన యొకటి సూచించినది.

1919 మార్చిలో ఆయన బొంబాయి రేవున దిగెను. చెన్నపట్టణమున చేట్‌పట్టులో మంచము పట్టియు లెక్కలు విడువలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన కడపటి యుత్తరమున, కృత్రిమ థీటా ఫలములని చెప్పదగిన సరిక్రొత్త విషయమును వివరించెను. 1920 ఏప్రిలు 26 వ తేదీన దివంగతుడయ్యెను. జానకమ్మగారు కుట్టుపనితో కాలము గడిపి, పెక్కేండ్లు జీవించి 1994 లో కాలధర్మము నొందిరి.

ఆయన నోటుపుస్తకములు 1957 లో బొంబాయి టాటా పరిశోధనసంస్థవారిచే యథాతథముగా ముద్రింపబడినవి. కడపటి యేటి వ్రాతలు 1976 లో ట్రినిటీ గ్రంథాలయమున బయల్పడినవి. 2012 మొదలు ఆయన జన్మదినము మనదేశమున జాతీయ గణితదినముగా జరుపబడుచున్నది.

ఒక్క యుత్తరము

ఇక చెప్పవలసినది ఒక్కటే మిగిలినది. సీమనుండి బయలుదేరుటకు ముందు, చెన్నపురి విశ్వవిద్యాలయమువారు ఆయనకు ఐదేండ్లపాటు సాలుకు 250 పౌనులు ఇయ్యనిశ్చయించిరి. 1919 జనవరిలో, రోగశయ్యనుండియే, రామానుజన్ వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ మొత్తము తన యవసరములకు మించినదనియు, తలిదండ్రులకు సాలుకు 50 పౌనులు ఇచ్చి, తన వ్యయములు పోగా మిగిలినదానిని పేదబాలురకును అనాథలకును బడిజీతములు తగ్గించుటకును, పాఠశాలలకు పుస్తకములు సమకూర్చుటకును వినియోగింపవలెననియు కోరెను. జీతము కట్టలేక కళాశాలనుండి వెడలిన బాలుడు పెద్దవాడై కోరిన కోరిక యిది.

ఈ చరిత్రమును జదివి, ఆంగ్లము చదువనక్కరలేదనియో, పరీక్ష తప్పుటయే ప్రతిభకు గురుతనియో మన బాలురు తలపరాదు. ఆ యుపేక్షకు రామానుజన్ ఎనిమిదేండ్ల యాయువును చెల్లించెను. తప్పిన ప్రతివాడును రామానుజన్ కాడను మాటయు నిజమే. అయితే నెల్లూరి కలెక్టరునకు సైతము తొలుత ఆ సంగతి తెలియదు. తనకు తెలియదని యెరిగి, త్రోసివేయక మరల పిలిచి వినుటయే ఆయన చేసిన ఘనకార్యము. డిప్యూటీ కలెక్టరు మొదలు సిండికేటు వరకును ప్రతివారును చేసినది అంతియే. తాము తేల్చలేనిదానిని తేల్చగలవారి యొద్దకు పంపిరి. అంతవరకు ఆ యువకుడు పస్తుండకుండ జూచిరి.

కావున సంఘపోషకులకు మా విన్నపము. వేతనము నిలుపుటకు ముందు మార్కుల పట్టికతోబాటు బాలుని గూడ ఒక్కమారు పిలిపించి చూడుడు. ఏ విషయమున తప్పెనో, దేనియందు మనసు నిలిపెనో, ఆ విషయమెరిగిన యుపాధ్యాయునిచే నడిగింపుడు. మరియొక కళాశాలలో, మరియొక పాఠ్యక్రమమున వానికి చోటున్నదేమో విచారింపుడు. పిమ్మట నిలుపదగినదైన నిలుపుడు. ఈ విచారణకు పట్టునది ఒక్క సాయంకాలము. రామానుజన్ విషయమున దానికి ఎనిమిదేండ్లు పట్టినది.